అరవై ఒక్క మెట్లు

శుక్రవారం పొద్దున్న అత్తగారు వీపు గోక్కుంటున్న సింథసైజరు నల్ల మెట్టు జాకెట్టులోకి జారిపోయింది. బయటికి తీయడానికి ఆవిడ కూతురూ, ఒక పొడుగు గరిటా కావలసి వచ్చాయి. మెట్టుకు ఏమీ కాలేదు. ఆవిడ దాన్ని తువ్వాలుతో తుడిచి దిండు కింద దాచుకుంది.

మెట్టు అల్లుడిచ్చింది. అల్లుడు రేడియోలూ, మైకులూ బాగుచేసే మెకానిక్కు. ఇంటి ముందుగదే కొట్టు. అందులో ఉన్నది ఒకటే బల్ల. దాని మీద ఒక కొసన భార్య కుట్టుమిషను, మిగతా బల్లంతా ఆయన పాత సింథసైజరు, మెట్లు నొక్కి వాయించే కరెంటు హార్మోనియం. గుడ్డ పరుచుకోవడానికి జానెడు చోటు లేదని ఆవిడ రోజూ సణిగేది. పైగా బల్లకు ఒక కాలు పొట్టి. మిషను తొక్కితే బల్ల ఊగేది, కుట్టు వంకర పోయేది.

సింథసైజరు గొంతు నిక్షేపంలా ఉంది. మెట్లే, అడుగున కొనలు అరిగిపోయి, ముప్పావు వంతు మూగబోయాయి. ఆ రకం మెట్లు ఇప్పుడెక్కడా దొరకవు. అందుకని ఆయన మెట్లన్నీ పీకేసి, పై తొడుగును కోసి అవతల పారేసి, గొంతు ఉన్న భాగాన్ని చిన్న చెక్కపెట్టెలో అమర్చాడు. పక్కనున్న బుల్లి కీబోర్డుకు తీగ వేసి వాయిస్తే పెట్టె హాయిగా పాడింది. ఆ చెక్క ఎక్కడిదంటే, భార్య బీరువాలోని అర. ఆ సంగతి ఆవిడకు చీరలు సర్దేటప్పుడు గాని తెలియలేదు.

పీకిన అరవై ఒక్క మెట్లనూ ఆయన దానకర్ణుడిలా పంచాడు. అత్తగారికి గోక్కోవడానికి ఒకటి, సబ్బుపొడి తోడుకోవడానికి ఒకటి, కిటికీ రెక్కలు కొట్టుకోకుండా సందుల్లోకి రెండు, బల్ల పొట్టికాలి కింద ఒకటి. మిగతావి డబ్బాలో పోశాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. అతనిదీ అచ్చం అలాంటి సింథసైజరే. కరెంటు తీగ దూర్చేచోట వదులైందని రెండు వారాల కిందట బావకు ఇచ్చి వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం డాన్సు స్కూల్లో వాయించాలి. నచ్చితే ఉద్యోగం. మూడేళ్ళుగా అతనికి మరో పిలుపు రాలేదు.

"అయిందా బావా?"

"ఎప్పుడో. లైటు చూడు, ఎలా వెలుగుతోందో."

బావమరిది ఒక మెట్టు నొక్కాడు. చప్పుడు లేదు. ఇంకొకటి నొక్కాడు. లేదు. నాలుగోది కుయ్యిమంది.

మెకానిక్కు దాన్ని బోర్లించి అడుగు చూశాడు. ఆయన పద్ధతి ఒకటుంది: ఎవరి సామానో తెలియడానికి అడుగు పలక మీద చీటీ అతికిస్తాడు. బావమరిది ఇచ్చి వెళ్ళిన రోజు రెండు సింథసైజర్లనీ ఒకేసారి విప్పాడు. రెండు పలకలూ శుభ్రంగా తుడిచాడు. బిగించేటప్పుడు దీని పలక దానికీ, దాని పలక దీనికీ పడింది. తరవాత చీటీని నమ్మి మెట్లు పీకాడు. ఎలాగూ చచ్చినవే కదా అని ఒక్కదాన్నీ తిప్పి చూడలేదు.

"ఇది నాది కాదు బావా, మరి నాదేది?" అన్నాడు బావమరిది.

ఆయన చెక్కపెట్టె వైపు చూశాడు. బావమరిదీ అటే చూశాడు.

"దీనికి మెట్లేవి బావా?"

స్నానాల గదిలోంచి అత్తగారు సబ్బుపొడితో నిండిన తెల్ల మెట్టు పట్టుకుని వచ్చింది.

"ఇదేనేమిట్రా?"

బావమరిది కుర్చీలో కూలబడ్డాడు.

"అంటే ఇన్నాళ్ళూ నేను బట్టలుతికింది నా తమ్ముడి మెట్టుతోనా?" అంది భార్య.

"నువ్వే కాదు. మీ అమ్మ వీపు కూడా గోక్కుంది," అన్నాడు ఆయన. నవ్వించాలని కాదు. ఆయన బుర్రలో అప్పుడు అంతకుమించి ఏమీ లేదు.

"రేపు నేను ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలి?" అన్నాడు బావమరిది, గోడతో చెబుతున్నట్టు.

ఆ మాటతో మెకానిక్కుకు చేతులు కదిలాయి. తన సింథసైజరులోని అరిగిన మెట్లు విరగ్గొట్టి ఊడదీసి, బావమరిది మెట్లు అందులోనే బిగించడం మొదలుపెట్టాడు. డబ్బా బోర్లించారు. కిటికీ సందుల్లోవి లాగారు. అత్తగారు దిండు కింద చెయ్యి పెట్టి, "ఇది ఒక్కటీ ఉంచుకోకూడదూ బాబూ," అని అడిగి, కొడుకు చూపు చూసి ఇచ్చేసింది. సబ్బుపొడిది మూడు నీళ్ళు కడిగినా నురగ వస్తూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు అరవై మెట్లు ఎక్కాయి. ఆయన వంగి బల్ల కిందికి చూశాడు. పైన భార్య గుడ్డ పరుచుకుని కుడుతోంది. బల్ల ఊగడం లేదు, కుట్టు గీత గీసినట్టు వస్తోంది. ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఫోను మోగింది.

"ఉద్యోగం ఇచ్చారు బావా. కానీ ఎడమ చివర తెల్ల మెట్టు లేదేమిటి, వేలు పెడితే గోతిలో పడుతోంది?"

"అది లాగితే మీ అక్క బల్ల ఊగుతుంది, నువ్వే ఎడమవైపు అంత దూరం వెళ్ళకు."