జైలు గంజిలో కర్పూరం

అడవిలో వెదురు కొట్టినందుకు నాకు ఆరు నెలల శిక్ష పడింది. మా చెంచులు తాతల నాటి నుంచి కొట్టుకుంటున్న వెదురే అది. అడవి సర్కారుదైపోయిందని నేను మొదటిసారి విన్నది మేజిస్ట్రేటు నోటనే. జైల్లో నాకు అక్షరాలు వంటబట్టాయి, గజ్జి అంటుకుంది. వాటితోపాటు ఒక భయం. నా పక్కన పడుకునే ఖైదీ ఒట్టేసి మరీ చెప్పాడు: "గంజిలో కర్పూరం కలుపుతారు. ఇంటికి పోయినా ఇంగ పెండ్లానికి పనికిరాం." గంజిలో కర్పూరం వాసన ఏనాడూ రాలేదు. అయినా నమ్మాను.

గిద్దలూరు పైన కొండల్లోని మా గూడేనికి తిరిగొచ్చిన రోజు నా భార్య కొత్త చాప పరిచింది. గోడల మధ్య ఉండి ఉండి గుడిసెలో ఊపిరాడటం లేదని చెప్పి నేను బయటే పడుకున్నాను. కొన్నాళ్లు జాలిపడింది. నెల తిరిగేసరికి జాలి పోయి మూతి విరుపులు మొదలయ్యాయి. తొడల మధ్య దురద పుడితే గోక్కోవడానికి చెట్ల చాటుకు పోయేవాణ్ణి. అక్కడెవతో నాకోసం కాచుకుని ఉందని ఆమె అనుమానం.

తేనె కాలం వచ్చింది. మాలో కొండచరియ మీదికి దిగేవాడి తాడు బావమరిదే పట్టుకోవాలి. సొంత అక్కను విధవను చేసుకోడని నమ్మకం. నేను సగం దూరం దిగి, పొగ పెట్టి, తేనెపట్టు మీద చెయ్యి వేయబోతుంటే తాడు ఆగిపోయింది.

"బావా, మా అక్కతో ఎందుకు ఎడంగా ఉంటాండావు?" పైనుంచి నా బావమరిది అరిచాడు.

"ఒరే, ఈగలు ముసురుతుండాయిరా! లాగు!"

"ముందు చెప్పు. ఇంకో ఆడమనిషి ఉండాదా?"

"ఆడమనిషీ లేదు, ఏమీ లేదు! నాకే ఏమీ లేకుండా పోయింది! జైల్లో కర్పూరం పెట్టినారురా!"

కొండ ఆ మాటను రెండుసార్లు తిరిగి చెప్పింది. తర్వాత తాడు ఊగసాగింది. వాడు నవ్వుతున్నాడు. నన్ను పైకి లాగి, తడిసిన నా మొహం చూశాక నవ్వు ఆపేశాడు.

"పా బావా, ఆస్పత్రికి పోదాం," అన్నాడు మెల్లగా.

గిద్దలూరు ఆస్పత్రిలో కాంపౌండరు ముసలి సాయిబు. నేను గొంతు తగ్గించి చెప్పాను. ఆయనకు చెవుడు. "గట్టిగా చెప్పు నాయనా!" అన్నాడు. చెప్పాను. బల్ల మీద కూర్చున్నవాళ్లందరికీ వినపడింది. ఆయన మాత్రం నవ్వలేదు. నన్ను తెర వెనక్కి తీసుకెళ్లి చూశాడు.

"కర్పూరం లేదు, ఏం లేదు. ఆరు నెలలు కడుపుకు తిండి లేదు, మనసుకు నెమ్మది లేదు. భయం పట్టుకున్యాది నిన్ను. ఇది మాత్రం గజ్జి. ఆలుమగలిద్దరూ మెడకాడి నుంచి పాదాల దాకా ఈ మలాం పూసుకోవాల, మూడు దినాలు. వీపులు అందవు, ఒకరికొకరు పూసుకోండి."

గంధకం మలాం. కుళ్లిన గుడ్ల కంపు. ఇంటికెళ్లి నా భార్యకు మొత్తం చెప్పేశాను. ఆమె నా వీపు మీద మలాం చరిచింది.

"ఇన్నాళ్లూ ఇదా? నిన్నెవతో వల్లో వేసుకుందని దేవరకు మొక్కుకుంటి గదయ్యా!"

"చెప్పేదానికి సిగ్గేసింది."

"నువ్వు నన్ను ముట్టుకోకపోతే నాకెట్ల ఉంటాదో ఒకసారన్నా అనుకోలేదే?"

ఆమెను అటు తిరగమని వీపుకు పూశాను. మొదటి రోజు ఆ కంపుకు ముక్కులు మూసుకున్నాం. రెండో రోజు ఒకరినొకరు చూసి పడిపడి నవ్వాం. మూడో రోజు ఆ ఖైదీ చెప్పింది అబద్ధమని తేలింది.

ఎవరికీ చెప్పొద్దని ఆమెను బతిమాలాను. వారం తిరక్కుండా గూడెంలో ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. ఒకందుకు మంచిదే అయింది. ఆ తర్వాత జైలు నుంచి వచ్చిన మగవాడు ఎవడైనా ముభావంగా ఉంటే, వాడి ఇంటావిడే నా దగ్గరికి తరిమేది. గిద్దలూరు ఆస్పత్రికి నేనే తీసుకుపోయేవాణ్ణి, సగం పూట నడక. మొదట్లో ఎవడూ నోరు విప్పేవాడు కాదు. నడుస్తూ నడుస్తూ నా కథ నేనే మొదలుపెట్టేవాణ్ణి.