మూడు కాళ్ల కెమెరా, రెండు కళ్ల కెమెరా

మొన్న మనవరాలితో కెమెరాల దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు కొత్త పెట్టె తెరవగానే తోలుపట్టీ వాసన గుప్పుమంది. "మీరు ఎలాంటి ఫోటోలు తీస్తారు మేడమ్?" అని పిల్లను అడిగాడు. "అన్నీ తీస్తాను" అంది ధీమాగా. నాకు నవ్వాగలేదు. వయసులో ఉండగా నేనూ ఇదే జవాబు చెప్పి నర్సింహులు మామ చేత చీవాట్లు తిన్నాను.

మామ నాకు చుట్టమేమీ కాదు. అరవైలలో జడ్చర్లలో ఆయన స్టూడియోలో పనిచేసేవాణ్ణి. ఆయనది మూడు కాళ్ల మీద నిలబడే పెద్ద కెమెరా. నల్లగుడ్డలో తల దూర్చి సరిచూసుకుని, ఫోటో పడే గాజుపలక బిగించి, ముందరి మూత తీసి, లెక్కపెట్టి మళ్లీ మూసేవాడు. అంతసేపూ ఎదుటివాళ్లు కదలకూడదు. తుమ్మినవాడి ఖర్మ! నేనేమో పట్నం వెళ్లి, మెడలో వేసుకునే రెండు కళ్ల కెమెరా కొనుక్కొచ్చాను. తల వంచి పైనుంచి అందులోకి చూడాలి, మీట నొక్కాలి, అంతే. కొత్త పెళ్లికొడుకులా దాన్ని వేసుకుని మామ ముందు నిలబడ్డాను.

"మంచిగనే ఉన్నది అల్లుడా. దీంతోని ఎవల ఫోటో తీస్తవ్?" అన్నాడు.

"అందరిది తీస్త మామా."

"అందరికి ఒక్కటే సైజు చెప్పులు కుడుతరార? ముందుగాల కాళ్లు జూడు, తర్వాత తోలు కొయ్యి."

ముసలాయనకు కుళ్లు అనుకున్నాను. ఆ వారమే చిట్యాలలో ఒక పెళ్లికి ఒక్కణ్ణే వెళ్లి, చకచకా తీసేసి భోజనానికి లేవబోయాను. పెద్దమనుషులు మాత్రం వరసగా, బిగదీసుకుని ఇంకా కూర్చునే ఉన్నారు.

"ఏం నాయినా, ఫోటో ఎప్పుడు దీస్తవ్?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

"తీసిన పెద్దనాయినా, అయిపోయింది."

"నల్లగుడ్డ కప్పుకోకుంటనే? సూది పోగొట్టుకున్నోని లెక్క కిందికి జూసుకుంట తిరిగినవ్. మేం జూడలేదా?"

ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు మామ మూడు కాళ్లూ మోసుకొని వెళితే గానీ వాళ్ల అలక తీరలేదు. తిరుగు బస్సులో ఆయన జడ్చర్ల దాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు తల కొట్టేసినట్టయి, నా కెమెరాను అటక ఎక్కించాను.

కొన్నాళ్లకు బాలయ్య అనే కుర్రవాడు తల్లిని తీసుకొని వచ్చాడు. మేకలు కాసుకునే ఇల్లు. వాడికి మిలిటరీలో కొలువు దొరికింది, ఆ సాయంత్రమే రైలు. వెంట అమ్మ ఫోటో లేకుండా వెళ్లనని పట్టుబట్టాడు. ఆ తల్లి మల్లమ్మ, మేకను కూడా వెంటబెట్టుకొచ్చి గుమ్మానికి కట్టేసింది. మామ మూత తీసేసరికి ఆమెకు మాటలు పుట్టుకొచ్చేవి. "బాలిగా, సద్ది కట్టుకున్నవా?" అనేది. కొంగు సర్దుకునేది. మొదటి పలకలో మూతి చెదిరింది. రెండో పలకలో అమ్మకు మూడు చేతులు వచ్చాయి.

"నా మొకమే గట్లున్నదా తమ్మీ?" అంది మల్లమ్మ చిన్నబోయి.

"ఇగ వద్దుతీ సార్. బండికి యాళ్లయితాంది" అన్నాడు బాలయ్య.

మామ నా చెవిలో "అల్లుడా, నీ డబ్బ దించు" అన్నాడు. తాను పలక లేకుండానే పెద్ద కెమెరా గుడ్డలో తల దూర్చి, లోపలినుంచి మొదలుపెట్టాడు. "అక్కా, నీ మేక గంత బక్కగున్నదేంది? మేత ఏస్తలేవా?"

"ఎవల మేక బక్కది? గా గుడ్డల నీ కండ్లు మసకలు గమ్మినయ్!" అంటూ మల్లమ్మ వేలెత్తి ఆయన మీదికి లేచింది. పక్కన నా కెమెరాలోకి తల వంచుకుని నిలబడ్డ నన్ను ఆమె లెక్కే చేయలేదు. మీట నొక్కాను.

మధ్యాహ్నానికల్లా కడిగి, అరచేతిలో పట్టేంత ఫోటో చేసి ఇచ్చాము. బాలయ్య పగలబడి నవ్వాడు. "గిదే! రోజూ నన్ను గిట్లనే తిడ్తది!"

"నోరు తెరిచే ఉన్నదేందిర?" అంది తల్లి.

"మూసుకుంటె నువ్వని ఎవలనుకుంటరే అమ్మా" అంటూనే కళ్లు తుడుచుకుని, దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వెళదామని లేచాడు. మల్లమ్మ లేవలేదు.

"మరి నాకు వాని ఫోటో?"

ఛీ, ఆ మాట మాలో ఒక్కడికైనా తట్టలేదు! నేను గబగబా నా కెమెరా అందుకున్నాను. మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "అక్కకు కండ్లు ఆనయ్‌రా. గోడకు పెట్టుకొని సూసుకోవాలె. పెద్దదే కావాలె" అని కొత్త పలక బిగించాడు.

బాలయ్య నిటారుగా నిలబడ్డాడు. మల్లమ్మ వచ్చి కెమెరా పక్కన, నా భుజం దగ్గర నిల్చుంది. ఇక పని అయినట్టే, ఈమె నోరు మూస్తుందా, వాడు కదలకుండా ఉంటాడా అనుకున్నాను. మామ మూత తీశాడు. మల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ల నీళ్లు కారుతున్నా మూత పడేదాకా తుడుచుకోలేదు, ఒక్క మాట మాట్లాడలేదు.

నర్సింహులు మామ పోయి చాలా ఏళ్లయింది. ఈనాటికీ కెమెరా పట్టుకుంటే, ఆ ఫోటో దాచుకునేది ఎవరోనని, ఎదుట నిలబడ్డవాళ్ల కంటే ముందు నా పక్కన నిలబడ్డవాళ్లను ఓసారి చూస్తాను.