లైట్‌హౌస్ మెట్ల మీద నా మడమ పట్టిన చెయ్యి

దెయ్యాలున్నాయని చెప్పేవాళ్లను నేను బతుకంతా వెక్కిరించాను. కోతల రోజుల్లో కుప్పల కాపలాకని శ్మశానం పక్క చేలోనే పడుకున్నదాన్ని. పిల్లకి జ్వరం వస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లను తిట్టి, ఆస్పత్రికి తోలేదాన్ని. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని అనడం లేదు. నేను ఏమీ చూడలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని, ఉన్నది అటూ ఇటూ చేసి రాయడం నాకు రాదు.

మాది తెనాలి పక్కన సంగం జాగర్లమూడి. నా పేరు సువార్తమ్మ. మోకాళ్లు అరిగిపోయేదాకా నాట్లకి, కోతలకి వెళ్లాను. మా ఆడకూలీల ముఠాకి పెద్దను నేనే. ముఠాలో మాకొక పద్ధతి ఉండేది. అది ముందు చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు.

ట్రాక్టర్ తొట్టిలోంచి గానీ, గడ్డివామి మీంచి గానీ మేం వెనక్కి తిరిగి దిగేవాళ్లం. అట్లా దిగే మనిషికి కాలు ఎక్కడ పెట్టాలో కనపడదు. అందుకని కిందున్న మనిషి ఆమె మడమ పట్టుకుని, పెట్టాల్సిన చోట ఆనించి, రెండుసార్లు తడుతుంది. తట్టిందంటే బరువు వెయ్యొచ్చు. తట్టకపోతే కాలు గాల్లోనే ఉంచాలి, ఎంతసేపైనా సరే. పెద్దను గనక ముందు నేను దిగేదాన్ని. వెనకాల అందరి కాళ్లూ నేనే దించేదాన్ని. నా కాలు పట్టి దించినవాళ్లు ఎవరూ లేరు.

నాట్లలో నా పక్కన ఉండే మనిషి దీనమ్మ. వరసకి ఆడబిడ్డ అవుతుంది. ఆమెకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. పోయిన చలికాలంలో రెండో కంటికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. చూపు వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. దాంతో దీనమ్మకి ఒకటే పట్టు. ఉన్న చూపు ఉండగానే సముద్రాన్ని ఎత్తు మీంచి చూడాలట. ఒడ్డున నిలబడితే తెల్లటి మసకే కనపడుతుందనీ, పైనుంచైతే రంగు తెలుస్తుందనీ ఎవరు చెప్పారో మరి. మాకు తెనాలిలో గాజులమ్మే కరీమాబీ పాత స్నేహితురాలు. ఆమె తమ్ముడు బాషాకి ఆటో ఉంది. నలుగురం కలిసి ఒక పొద్దున్నే బయలుదేరాం.

వెళ్లే దారిలో భట్టిప్రోలు స్తూపం చూపించాడు బాషా. దీనమ్మ ఆ ఇటుకల్ని చేత్తో తడిమి, కూలిపోయిన ఇటుక బట్టీలాగా ఉందంది. రెండువేల ఏళ్లు దాటిందని బాషా చెబితే, మనం నిన్న కట్టిన కాలనీ ఇళ్లకంటే ఇదే గట్టిగా ఉందని కరీమాబీ నవ్వింది. రేపల్లెలో ఇడ్లీ తిన్నాం. బాపట్ల దాటి సముద్రం వైపు వెళ్లాం. ఏ ఊరన్నది రాయను. ఎవరికీ మాట రావడం నాకిష్టం లేదు.

అక్కడ కొత్త లైట్‌హౌస్‌కి తాళం వేసి ఉంది. కాస్త అవతల వాడకుండా వదిలేసిన పాతది ఉంది. తలుపు లేదు, తీగ అడ్డం కట్టారు. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఎక్కమాకండమ్మా, రాళ్లు ఊడుతున్నయ్" అంది. నాకూ వద్దనే ఉంది. దీనమ్మ అప్పటికే తీగ కింద నుంచి దూరింది.

మెట్లంటే మామూలు మెట్లు కావు. రాతి పలకలు. ఒక కొస గోడలో పాతి ఉంటుంది, రెండో కొస గాల్లో ఉంటుంది. నడుమ బావిలాగా ఖాళీ. పట్టుకోవడానికి గోడకి తుప్పు పట్టిన కమ్మీ ఉంది. దీనమ్మను ముందు పెట్టుకుని, నేనూ కరీమాబీ వెనకనుంచి నెట్టుకుంటూ ఎక్కించాం. బాషా ఆటో దగ్గరే ఉన్నాడు.

పైకి వెళ్లాక దీనమ్మ ఉన్న కంటికి ఎండ తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నీలం కాదు వదినా. బూడిద రంగు. మధ్యలో పచ్చగా ఒక పట్టీ ఉంది." ఉంది నిజమే. నాకు రెండు కళ్లూ బాగానే ఉన్నా, ఆమె చెప్పేదాకా నేను ఆ పట్టీని పట్టించుకోలేదు.

కరీమాబీకి కళ్లు తిరిగినట్టుంది. "మీరు చూస్తా ఉండండక్కా, నేను పోయి టీ చెప్తా" అని దిగి వెళ్లిపోయింది. కొంచెం ఆగి మేమూ బయలుదేరాం. దీనమ్మకి ముందుకు తిరిగి దిగడం చాతకాదు, నా మోకాళ్లూ అంతే. ఇద్దరం మా అలవాటు ప్రకారం గోడ వైపు తిరిగి దిగడం మొదలుపెట్టాం. కింద నేను, పైన దీనమ్మ. ఎడమ చేత్తో కమ్మీ, కుడిచేత్తో ఆమె మడమ. ఆనించడం, తట్టడం.

లోపల గాలి హోరు. ఎక్కడో కింద ధాన్యం బస్తా పడేసినట్టు చప్పుడైంది. గాలికి ఏదో కొట్టుకుందనుకున్నాను. సగం దూరం వచ్చేసరికి కిటికీలు మూసేసిన చోటు వచ్చింది. పట్టపగలే చీకటి. నేను కాలు కిందికి దించాను. ఎవరో నా మడమ పట్టుకున్నారు.

కరీమాబీ మాకోసం ఆగిందనుకున్నాను. ఆ చెయ్యి నా కాలిని మెట్టు మీద ఆనించి రెండుసార్లు తట్టింది. నిజం చెప్పాలంటే ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత ప్రతి మెట్టుకీ అంతే. కింద నుంచి నా కాలు దించుతున్నారు, నేను పైనున్న దీనమ్మ కాలు దించుతున్నాను.

ఒకచోట కాలు దించితే తట్టలేదు. మడమ పట్టుకునే ఉంది, కానీ తట్టలేదు. కాలు గాల్లో ఉంచి నిలబడ్డాను.

"ఏంటే కరీమా, తట్టు" అన్నాను.

ఆ చెయ్యి నా కాలిని పక్కకి లాగింది. పూర్తిగా గోడకి ఆనుకునేట్టు లాగి, వేళ్లు మాత్రమే పట్టే చోట పెట్టి, అప్పుడు తట్టింది. తర్వాత మెట్టూ అంతే, ఆ తర్వాతదీ అంతే. పలకలు ఇక్కడ ఇంత సన్నగా ఎందుకున్నాయా అనుకున్నాను. దీనమ్మ కాళ్లు కూడా నేను అట్లాగే గోడ వైపు లాగి పెట్టాను.

"వదినా, కింద ఏమీ లేనట్టుందే" అంది పైనుంచి.

"నే తట్టినప్పుడు బరువెయ్. లేకపోతే నోరు మూసుకుని నిలబడు" అన్నాను.

నోరు మూసుకుని దిగింది.

నేల తగిలాక వెనక్కి తిరిగాను. అక్కడ ఎవరూ లేరు. బయట వెలుతురులో కరీమాబీ, బాషా ఇసుకలో పడుతూ లేస్తూ మా వైపు పరిగెత్తి వస్తున్నారు. మమ్మల్ని చూడగానే కరీమాబీ ఉన్నచోటే కూలబడింది. దీనమ్మ ఇదేమీ గమనించకుండా అలల చప్పుడు వైపు నడిచి వెళ్లిపోయింది.

"ఎట్టా దిగారక్కా?" అంది. ఏడుస్తోంది.

విషయం ఇది. తను దిగి వస్తుంటే, దాటిన పలకలు వెనకాలే విరిగి పడిపోయాయట. నేను విన్న చప్పుడు అదే. దిగొద్దని కింద నుంచి అరిచిందట, గాలికి మాకు వినపడలేదు. తిరిగి ఎక్కడానికి దారి లేక బాషా కోసం పరిగెత్తింది.

నాకు కోపమే వచ్చింది. "మరి నా కాలు పట్టి దించింది నువ్వు కాదా?" అన్నాను.

"నీ కాలు నేనెందుకు పడతానక్కా?" అంది.

ఆమె గాజుల మనిషి. పొలంలో దిగి ఎరగదు, ట్రాక్టర్ ఎక్కి ఎరగదు. మా తట్టడం సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మోచేతుల దాకా గాజులుంటాయి ఆమెకి. మెట్ల మీద నాకు ఒక్క గాజు చప్పుడు వినపడలేదు.

బాషా ఫోన్ లైటు వేసుకుని పైకి వెళ్లాడు. దిగి వచ్చి, నడుమ పలకలు లేవనీ, గోడలోంచి మొదళ్లు మాత్రం బయటికి ఉన్నాయనీ, వాటి మీద తన పాదం పట్టలేదనీ చెప్పాడు. "పిల్లి కూడా దిగలేదు పెద్దమ్మా" అన్నాడు. ఆటో ఎక్కే ముందు దీనమ్మకి మాత్రం ఏమీ చెప్పొద్దని సైగ చేశాను. ఆమె దారి పొడుగునా సముద్రం రంగు గురించే చెప్పింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇప్పుడు తోడు లేకుండా చర్చికి వచ్చేంత చూపుంది. కుట్లు మానాకే ఆమెకి సంగతంతా చెప్పాను. విని నా కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

మా పాస్టరు గారు అది దేవదూత అన్నారు. దేవదూత చేతికి కొడవలి కాయలుంటాయా అయ్యగారూ అని అడిగాను. ఎందుకంటే ఆ చెయ్యి గరుకు. ఏళ్ల తరబడి కొడవలి పట్టినవాళ్లకి అరచేతిలో కాసే కాయ నా మడమకి తగిలింది. ఆయన ప్రార్థన చేద్దామన్నారు. భయంలో మనసు అట్లా అనుకుంటుందని బాషా అంటాడు. నాకు అప్పుడు భయమెక్కడుంది? పలకలు లేవని నాకు తెలిస్తే కదా.

మా ముఠాలో సగంమంది సమాధుల దొడ్లో ఉన్నారు. మిగిలినవాళ్లను అడిగాను, ఆ రోజు ఎవరూ ఊరు దాటలేదు. ఎవరై ఉంటారని రోజూ ఒక్కొక్కరినీ తలుచుకుంటాను. చీకట్లో మడమ పట్టుకుంటే చాలు, ఎవరిదో చెప్పగలను. మంగమ్మది పగుళ్లు, ఏసుమణిది చిన్న పాదం. అందరి కాళ్లూ నాకు తెలుసు. చేతులే తెలియవు. అప్పట్లో ఒక్కసారైనా వాళ్లను నా కాలు పట్టనిచ్చి ఉంటే, ఇది ఎవరి చెయ్యో ఇప్పుడు చెప్పగలిగేదాన్ని.