ఈల ఆపిన మనిషి

మా ఆయన్ని పరుపుల కొట్టులో అందరూ ఈలాయన అనేవారు. దూది నింపి కుట్టిన పరుపును బల్ల మీద పరిచి, అటొకరు ఇటొకరు నిలబడి బెత్తాలతో కొట్టి చదును చేస్తారు. బెత్తాలు ఒకదాని వెనక ఒకటి పడాలి. తప్పితే ఎదుటివాడి వేళ్ళు చితుకుతాయి. ఆ లెక్క మా ఆయన ఈలలో ఉండేది. ఆయన ఎలా వేస్తే కొట్టంతా ఆ వరసలో కొట్టేది.

దగ్గు మొదలైనప్పుడు నేను పోరితే, "దూదిలో బతికేవాడికి దగ్గు రాక రాగాలొస్తాయా?" అని నవ్వేశారు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేదాకా డాక్టరు దగ్గరికి కదల్లేదు.

"లోపలికి పోయిన దుమ్ము బయటికి రాదు. ఇంకా పోకుండా మూతికి గుడ్డ కట్టుకోండి. లేదంటే పని మానెయ్యండి" అంది డాక్టరమ్మ.

చాలా రోజులు ఆయన ఆ మాటే ఎత్తలేదు. అన్నం తింటూ తింటూ ఆగి, ఎడమచెయ్యి గుడ్డలా నోటికి అడ్డం పెట్టుకుని ఈల వెయ్యబోయేవారు. ఉత్త గాలి వచ్చేది. ఒకరోజు పాత దుప్పటి తెచ్చి నా కుట్టుమిషను మీద పెట్టి, "కుట్టు" అన్నారు. అంతే.

అదే కొట్టులో పనిచేసే మా మరిది ఆ గుడ్డ చూసి, "అన్నయ్యా, దొంగతనానికి బయల్దేరావా? మనింటికి మాత్రం రాకు, ఏమీ దొరకదు" అన్నాడట. అందరూ నవ్వారు. నవ్వయ్యాక పని సాగలేదు. ఈల లేదుగా, మరిది వేలి మీదే దెబ్బ పడింది. వారం తిరక్కుండా ఈల మళ్ళీ మొదలైంది. గుడ్డ ఉతకబోతే నోటి దగ్గర తడి లేదు, మెడ చెమటే ఉంది. ఉతికి, మడతపెట్టి ఆయన కంచం పక్కన ఉంచాను. ఆయన దానికేసి చూస్తూనే తిన్నారు.

మర్నాడు గుడ్డ కట్టుకుని కాలితో తాళం వేశారట. నేలంతా దూది, చప్పుడెక్కడ వినబడుతుంది? చివరికి రేకుడబ్బా ఒకటి బోర్లించి దాని మీద తన్నారు. బెత్తాలు కుదిరాయి. "ఈలాయన పోయి డబ్బాయన వచ్చాడు" అన్నారు. గుడ్డ మాత్రం ఇంకెవరూ కట్టలేదు. రోగం ఆయనకు గానీ తమకేమిటని.

ఆ గుడ్డ ఆయనకు కొన్నేళ్ళు ఇచ్చింది. అంతకు మించి ఇవ్వలేకపోయింది. ఆయన పోయాక నేను మిషను తెరవలేదు.

మొన్న మరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, ఆ గుడ్డలు కొట్టులో అందరికీ కావాలంట."

"దొంగతనానికా?"

నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు.

"డబ్బా ఎవరు తంతున్నారు?" అని అడిగాను.

"నేనే. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ రోగం ఆయనకు కదా, నాకెందుకు అనుకున్నా."

నేను మిషను మీద కప్పిన దుప్పటి తీసి, మడతపెట్టి, టేపు అందుకున్నాను.

"కూర్చో. ముందు నీ కొలత తీస్తాను."

కూర్చున్నాడు.