కిరీటం పెట్టిన చేతులు

ఒక ‘లేదు’ కొన్నేళ్ళుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. ఫోన్‌లో అన్న ఒక్క మాట. ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా, మా అమ్మాయిని స్కూల్ దగ్గర దింపి వస్తున్నా, కంచం ముందు కూర్చున్నా, ఉన్నట్టుండి గుర్తొస్తుంది. ముద్ద దిగదు. ఆ మాట వల్ల ఒక అన్న, ఒక చెల్లెలు మాట్లాడుకోవడం మానేశారు. ఇద్దరూ నన్ను నమ్మినవాళ్ళే. ఇద్దరూ మా ఇంట్లో భోంచేసినవాళ్ళే. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. బహుశా అందుకే, మీకైతే ఏదీ దాచకుండా చెప్పగలననిపిస్తోంది.

ఆయన్ని ప్రొఫెసర్ గారనే అంటాను. దక్షిణ అమెరికాలోని ఒక దేశం నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడ అమెరికాలోనే ఎకనామిక్స్ చెబుతూ ఉండిపోయారు. దేశం పేరు చెప్పను, మీరూ వెతక్కండి. షామ్‌బర్గ్‌లో మా టౌన్‌హోమ్‌కీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. మేం కొత్తగా దిగిన రోజుల్లో మా ఆవిడ పప్పుచారుకి ఎండుమిరపకాయలతో పోపు పెడితే పొగ అలారం మోగింది. కాసేపట్లో ఆయన తలుపు కొట్టారు. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డారు. తిట్టడానికొచ్చారని హడలిపోయాను. అదేం వంటో అడిగి, కొంచెం పెట్టమన్నారు. ఆ రోజు నుంచి ఆయన మా మనిషే.

నా ఉద్యోగం పోయి వీసా గడువు తరుముతుంటే, రోజూ వచ్చి నాకు మాక్ ఇంటర్వ్యూలు చేసింది ఆయనే. జావాలో ఆయనకి ఓనమాలు తెలీవు. అయినా ప్రశ్నల ప్రింటవుట్ పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, మహా గంభీరంగా అడిగేవారు. నేనేం చెప్పినా ‘ఎక్సలెంట్’ అనేవారు. నేను చెప్పింది తప్పు సార్ అంటే, ధైర్యంగా చెప్పావు కదా, నేనైతే జాబ్ ఇచ్చేస్తానని నవ్వేవారు. ఉద్యోగం దొరికిన రోజు నాకంటే ఎక్కువ ఏడ్చింది ఆయన.

ఆయన రాజకీయం ఎక్కడ మొదలైందో నాకు చాలాసార్లు చెప్పారు. చిన్నప్పుడు వాళ్ళ దేశంలో ధరలు పొద్దున ఒకటి, సాయంత్రానికి ఇంకొకటి. జీతం చేతికి రాగానే వాళ్ళమ్మ నేరుగా రొట్టెల కొట్టుకి పరుగెత్తేదట. ఈయనా, చెల్లెలు ఇనెస్సూ అప్పటికే క్యూలో ఉండేవాళ్ళు. చెల్లెల్ని ముందు నిలబెట్టేవారట, చిన్నపిల్ల కదా అని జనం జరుగుతారని. “మా ఇంట్లో మొదటి ఎకనామిస్టు ఇనెస్. నేను రెండో వాణ్ణి” అనేవారు. ఎంత పెద్ద సదస్సులో మాట్లాడినా, చివరికి ఆ రొట్టెల క్యూ దగ్గరికే వచ్చేవారు.

అక్కడ వామపక్షం గెలిచింది. ఆర్థిక మంత్రిగా రమ్మని కబురొచ్చింది. సామాను సర్దడానికి ఇనెస్ వచ్చింది. ఆమె కూడా మా ఇంట్లోనే తినేది. ఆవకాయ తిని మంచినీళ్ళ కోసం గంతులేసి, మళ్ళీ అదే వేయించుకునేది. సరిగ్గా అప్పుడే మా తెలుగు సంఘం ఉగాది వేడుక. నేను కల్చరల్ సెక్రటరీని. అబ్బో, ఆ పదవంటే నాకెంత మోజో! కాబోయే మంత్రి మా గోడ పక్కనే ఉంటే ఊరుకుంటానా? ముఖ్య అతిథిగా పిలిచాను.

మన సన్మానం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పెళ్ళి డెకరేషన్ ఆంటీ దగ్గర నుంచి ఎర్ర వెల్వెట్ సింహాసనం తెప్పించాం. శాలువా, దండ, పైనుంచి పూలరేకులు. ఇవి చాలవన్నట్టు బంగారు పూత పూసిన ఇత్తడి కిరీటం. ఆ కిరీటం ఐడియా నాదే. ప్రొఫెసర్ గారు ఎప్పటి బ్రౌన్ స్వెటర్‌తోనే స్టేజీ ఎక్కారు. సింహాసనం చూసి నా చెవి దగ్గరకొచ్చి, ఉన్నవాళ్ళ మీద పన్ను వేస్తానని పోతున్న మనిషిని నేను, నాకిది వద్దని బతిమాలారు. మా వాళ్ళు నొచ్చుకుంటారు సార్, రెండు నిమిషాలు అన్నాను. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. నేనే నొచ్చుకునేవాణ్ణి. అది ఆయనకి అర్థమైనట్టుంది. నా కోసం కూర్చున్నారు. కిరీటం నేను పెట్టాను.

ముందు వరసలో ఇనెస్ పొట్ట పట్టుకుని నవ్వుతూ ఫోన్‌తో ఒక ఫొటో తీసింది. వెనకాల ఉగాది బ్యానర్, స్టేజీ మీద డాన్సు వేసిన పిల్లలు, సంఘం పెద్దలు, నేను, నా చేతుల కింద కిరీటంతో ఆయన. దాన్ని ఆయనకీ నాకూ మాత్రమే పంపింది. కింద ‘మా రాజుగారు’ అని రాసింది.

తర్వాత ఆయన్ని మేం యూట్యూబ్‌లోనే చూశాం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం చూసేవాళ్ళం. “ఏమండీ, అదే స్వెటర్!” అని మా ఆవిడ మురిసిపోయేది. రొట్టె ధర దించారు. పెద్ద పెద్ద భూస్వాముల మీద పన్ను వేశారు. ఇనెస్ భర్త తరఫు వాళ్ళకి బోలెడు పొలాలు. ఆ పన్ను గురించి అన్నాచెల్లెళ్ళు గట్టిగానే వాదించుకున్నారట, ఆమే చెప్పింది. ఆయన సొంత పార్టీ వాళ్ళతో పడక మంత్రి పదవి వదిలేశారు. బస్సుల్లో దేశమంతా తిరిగారు. చివరికి అధ్యక్ష ఎన్నికలకి నిలబడ్డారు.

అప్పుడొచ్చింది నాకు ఫోన్. వాళ్ళ దేశపు పేపరు విలేఖరట, ప్రొఫెసర్ గారి అమెరికా జీవితం గురించి రాస్తున్నాడట, ఒక మంచి ఫొటో ఉంటే ఇస్తారా అని. ఎంతో మర్యాదగా అడిగాడు. నేను ఉబ్బిపోయాను. నా దగ్గర ఆయన ఫొటోలు ఎన్ని లేవు? మా అమ్మాయిని భుజాన ఎక్కించుకున్నది ఉంది. చేత్తో పెరుగన్నం కలుపుతున్నది ఉంది. నేను కిరీటం ఫొటో పంపాను.

అది మొదటి పేజీలో పడింది. ‘పేదల రాజు’ అని పెద్దక్షరాల్లో. సింహాసనం, కిరీటం, పూలరేకులు. బ్యానర్ లేదు, పిల్లలు లేరు, పక్కన నేనూ లేను. కిరీటం పట్టుకున్న రెండు చేతులు మాత్రం ఉన్నాయి. నా చేతులు.

ఆయన పొద్దున్నే ఫోన్ చేశారు. మా ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగు పిలుపుతోనే పిలిచారు.

“తమ్ముడూ, ఆ ఫొటో చూశావా?”

“చూశాను సార్.”

“అది ఇనెస్ తీసింది. ఆమె దగ్గర, నా దగ్గర, నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. పేపరు వాళ్ళు ఎవరిచ్చారో చెప్పడం లేదు. బ్యానర్ మాత్రం తమకి వచ్చినదాంట్లోనే లేదంటున్నారు. అంటే ఎవరో కావాలనే కత్తిరించి ఇచ్చారు. నువ్వు ఎవరికైనా పంపావా?”

“లేదు.”

“నువ్వు పంపవని తెలుసు. అడగాల్సి వచ్చింది. ఏమనుకోకు.”

ఏమనుకోకు అన్నారు! నన్ను!

ఎందుకు లేదన్నాను? ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. కానీ ఫోన్ పెట్టేశాక మళ్ళీ చేయొచ్చు కదా? మర్నాడు చేయొచ్చు, ఎన్నికలయ్యాక చేయొచ్చు. ఆయన కోపగించుకుంటారని భయమా? కాదు, ఆయనకి కోపం రాదు, అదే నా భయం. బాధపడి, నన్ను క్షమించినట్టు నవ్వి, ఇక మా తలుపు ఎప్పుడూ కొట్టరని. ఆయన్ని పోగొట్టుకోకూడదని నేను నోరు మూసుకుంటే, ఆయన చెల్లెల్ని పోగొట్టుకున్నారు. నాకు అది కనబడుతూనే ఉంది. కనబడుతుండగానే ఊరుకున్నాను.

ఆయన ఓడిపోయారు. ఫొటో వల్ల కాదు, ఓట్లు ముందే పోయాయని ఆయనే అన్నారు. బ్యానర్ ఉన్న అసలు ఫొటో బయటపెట్టారు కానీ అప్పటికే ఎవరూ పట్టించుకోలేదు. ఫొటోని ఆయన మర్చిపోయారు. భూముల పన్ను మీది కోపంతో ఆమే ఇచ్చిందని నమ్మి, చెల్లెల్ని మాత్రం క్షమించలేదు. తను కాదని ఆమె ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు శవపేటికకి ఆమె ఒక పక్క, ఈయన ఒక పక్క నిలబడ్డారట, మాట్లాడుకోకుండా. ఇది నాకు చెప్పింది ఆయనే, మా ఇంట్లో పెరుగన్నం కలుపుకుంటూ.

అవును, మా ఇంట్లోనే. మళ్ళీ ఇక్కడ కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వచ్చేశారు. దగ్గర్లోనే చిన్న అపార్ట్‌మెంట్. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మాతోనే భోజనం. “నాకు మిగిలింది మీరే” అంటారు. ఆదివారం పొద్దున్నే నా ఫోన్‌కి ఇనెస్ నుంచి ఒక మెసేజ్ వచ్చేది. ‘అన్నయ్య తింటున్నాడా? నేను అడిగానని చెప్పొద్దు.’ ఆయన కంచం ఫొటో తీసి పంపేవాణ్ణి. దొంగలా, టేబుల్ కింద నుంచి. ఆమె నాకు థాంక్స్ చెప్పేది.

పోయిన ఆదివారం ఎండ కాస్తే, బయట డెక్ మీద తిందామంది మా ఆవిడ. మడత కుర్చీలు తెస్తానని ప్రొఫెసర్ గారు గరాజ్‌లోకి వెళ్ళారు. వచ్చేటప్పుడు కుర్చీలు చంకలో, కిరీటం నెత్తిన. సంఘం సామాను డబ్బాలో దొరికిందట. పూత పోయి నల్లబడింది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. “ప్రొఫెసర్ అంకుల్, డోంట్ మూవ్! నేను పిక్ తీస్తా!” ఆయన దర్జాగా కూర్చున్నారు. “తియ్యి, తియ్యి. కానీ ఫొటోలు బాగా తీసేది ఇనెస్...” అని ఆగిపోయారు. ఆ పేరు ఆయన నోట ఎన్నేళ్ళకో విన్నాను. నవ్వు అలాగే ఉంది, కళ్ళలో నీళ్ళు.

అమ్మాయిని లోపలికి వెళ్ళి అమ్మకి హెల్ప్ చెయ్యమన్నాను. చూశారా, అప్పుడు కూడా నా కూతురి ముందు మంచివాణ్ణిగా మిగలాలనే.

“సార్, ఆ ఫొటో పంపింది నేను. ఇనెస్ కాదు.”

ఆయన కిరీటం తీసి టేబుల్ మీద పెట్టారు. ఇనెస్‌కి తెలుసా అని మాత్రం అడిగారు. తెలీదన్నాను. లేచి, స్వెటర్ తీసుకుని వెళ్ళిపోయారు. కారు కదిలిన చప్పుడుకి మా ఆవిడ అన్నం గిన్నెతో బయటికొచ్చింది. “అదేంటండీ, ప్రొఫెసర్ గారేరీ?” చెప్పాను. గిన్నె టేబుల్ మీద పెట్టేసింది. “ఇన్ని ఆదివారాలు ఆయనకి వడ్డించాను కదండీ. నాకైనా చెప్పలేదేం?” అంది. ఆ మధ్యాహ్నమే ఇనెస్‌కి కూడా అంతా రాసి పంపాను. చదివినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

కానీ ఒకటి ఆయనకీ చెప్పలేదు, ఆమెకీ రాయలేదు. మా ఆవిడకి కూడా తెలీదు. బ్యానర్ కత్తిరించింది నేనే. కుట్రా లేదు, పాడూ లేదు. పూర్తి ఫొటోలో నేను చిన్నగా కనిపిస్తున్నాను. పిల్లల్నీ పెద్దల్నీ బ్యానర్‌నీ తీసేస్తే, కొత్త షేర్వానీలో నేను పెద్దగా, కాబోయే అధ్యక్షుడి తల మీద కిరీటం పెడుతూ బాగా కనిపించాను. ఆ విలేఖరికి నా పేరు స్పెల్లింగ్ రెండుసార్లు చెప్పాను. పేపరు రాగానే మొదట వెతుక్కున్నది కూడా నా పేరే. పేరు లేదు, నా మొహాన్ని వాళ్ళు కోసేసి చేతులు మాత్రం ఉంచారు. ఆయన పరువు పోయిందని ఆ తర్వాత గమనించాను. నా మొహం పేపర్లో పడాలనే యావ, అంతే. దానికి ఒక అన్నాచెల్లెళ్ళు బలైపోయారు. ఛ! ఇదీ రాసేశాను.

ఈ రోజు మళ్ళీ ఆదివారం. మా ఆవిడ అలవాటుగా పప్పుచారు పెట్టింది, అలవాటుగా ఆయన కంచం కూడా పెట్టింది. నేను ఫోన్ చూస్తూ కూర్చున్నాను. తింటున్నాడా అని ఇనెస్ అడగలేదు. నేరుగా ఆయన్నే అడుగుతోందేమో. లేక నా మొహం చూడకూడదనుకుందేమో. నాకు తెలిసే దారి లేదు, తెలుసుకునే హక్కూ లేదు. ఆయన కంచం ఖాళీగానే ఉంది. దాని ఎదురుగా కూర్చుని నేను అన్నం కలుపుకున్నాను. సిగ్గేసింది. అయినా ముద్ద దిగింది.