సర్వీస్ రోడ్డులో చిక్కిన పెళ్ళికొడుకు

నా పెళ్ళి దాదాపు చెడిపోయింది. చెడగొట్టింది శత్రువులెవరో కాదు, నా అతి తెలివే. ఆ ఘోరమంతా చెబుతాను, మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి.

నెల్లూరులోకొచ్చే హైవే మీద రద్దీ గంటగంటకీ ఎలా మారుతుందో కంప్యూటర్లో సిమ్యులేషన్ చేసి చూడటం అప్పట్లో నా ఉద్యోగం. తెర మీద బుల్లి లారీలు, బుల్లి బస్సులు నేను చెప్పినట్టు కదులుతుంటే పొగరు తలకెక్కదా మరి? ఎక్కింది.

పెళ్ళి నెల్లూరు చర్చిలో, పది గంటలకి. కావలి నుంచి మా బావ కారులో బయల్దేరాం. కొడవలూరు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి.

"సర్వీస్ రోడ్డెక్కించు బావా! మలుపు కాడ కెమెరా పెట్టి చూసినా. దాన్లో ఒక్క బండీ పోదు. సిమ్యులేషన్లో కూడా ఎప్పుడూ ఖాళీయే."

"ఎందుకు పోదో కనుక్కున్నావా?"

"జనానికి తెలీదు బావా, అంతే!"

జనానికి తెలుసండీ. తెలియనిది నాకొక్కడికే. మలుపు తిరిగామో లేదో, కనుచూపు మేరా రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. కోతల కాలంలో అక్కడ అంతే. వెనక్కి తిప్పుదామంటే, నన్ను నమ్మి మా చుట్టాల బస్సు కూడా వెనకే వచ్చి ఇరుక్కుంది.

వడ్లకు కాపలా ఉన్న పెద్దావిడ చీపురుతో లేచింది. "చక్రం పెట్టినారంటే ఊరుకోను!"

"పెళ్ళికొడుకమ్మా!" బావ బతిమాలాడు.

"అయితే దిగి వడ్లు పక్కకి లాగమను. దావ అదే వస్తుంది."

లాగాను, సూటులోనే. "ఈ వడ్లు నీ కంప్యూటర్లో యాడ పెట్టినావురా?" అని బావ అడుగుతుంటే నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. అంతలో పెళ్ళికూతురు ఎస్తేరు ఫోను.

"యాడున్నారండీ? అందరూ వచ్చేసినారు!"

"కొడవలూరులో... వడ్లు లాగుతున్నా."

ఎస్తేరు నమ్మలేదు. "పెళ్ళి ఇష్టం లేకపోతే నేరుగా చెప్పండి. ఈ కతలెందుకు?"

వడ్ల మీద మోకాళ్ళేసి మరీ బతిమాలుకున్నాను.

చర్చి చేరేసరికి పదకొండున్నర. జుట్టులో పొట్టు, బూట్లలో వడ్లు. కష్టంలోనూ సుఖంలోనూ ఈమెను విడువనని ప్రమాణం చేస్తున్నావా అని పాస్టరుగారు అడిగారు. చేస్తున్నానన్నాను. ఆయన పేజీ తిప్పబోతుంటే ఎస్తేరు మెల్లగా అంది, "అయ్యగారూ, ఇంకొకటి అడగండి. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ దారి చెప్పనని."

మైకు ఆమె పక్కనే ఉంది.

పాస్టరుగారు నవ్వాపుకుంటూ అదీ అడిగారు. దేవుని సన్నిధిలో, సంఘం మొత్తం ఎదుట, చేతులు జోడించి ప్రమాణం చేశాను. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మా బావే.