బొంత నడుమ జానెడు చోటు

పెద్దమ్మ పోయిందని కంబదూరు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను అనంతపురం మార్కెట్లో ఎర్రగడ్డలు ఏరుతున్నాను. పెద్దమ్మ పక్కింటామె ఏడుస్తూ చెప్పింది: "అక్కా, పెద్దమ్మ ఇంక లేదు. పొద్దున గోడ నీడలో బొంత ఒళ్లో పెట్టుకోని కూచోనుండె. మజ్జిగ ఇద్దామని పోతే పలకలే." నాకు వెంటనే ఏడుపు రాలేదు. "బొంత అయిపోయిందా?" అని అడిగాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నా మీద నాకే కోపం వచ్చింది. ఆమె మాత్రం తప్పుపట్టలేదు. "యాడయింది? నడుమ అట్లనే ఉండాది," అంది.

ఆ నడుమ ఏమిటో చెబితేగానీ మా పెద్దమ్మ ఎవరో మీకు తెలియదు.

ఆమె మా అమ్మకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పాత చీరలు, పంచెలు కత్తిరించి బొంతలు కుట్టేది. చుట్టుపక్కల ఎవరింట్లో కాన్పు ఉన్నా ముందు పెద్దమ్మ వాకిట్లోకి చీరల మూట వచ్చేది. ముక్కలన్నీ నేల మీద పరిచేది. మా వైపు గాలికి ఒక్క ముక్క నిలవదు కాబట్టి ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టేది. తర్వాత లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, పాత శత్రువును చూసినట్టు చూసేది. "ఆ ఎర్రది ఊరికే అరుస్తాండాది, తీసేయి" అనేది. రాళ్లన్నీ ఎత్తి మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. కాగితం మీద గీసుకోవడం ఆమెకు అలవాటు లేదు. శనక్కాయ సాళ్లు, చీమల బారు, పగిలిన చెరువు అని తన అల్లికలకు తనే పేర్లు పెట్టుకుంది. వాన చినుకులు అని ఒకటుండేది. వానలు మొహం చాటేసిన ఏడు దాన్ని ఎవరు బతిమాలినా కుట్టేది కాదు. "ఉత్త మాటలు కుట్టేది నాకు రాదప్పా" అని మూట వెనక్కి తోసేది.

సూది ఎప్పుడూ కొప్పులోనే ఉండేది, ఉరికి మెడ వాటేసుకుంటే చేతికి గుచ్చుకునేది. పెద్దమ్మ దగ్గరికి ఎదురుగా ఉరకకూడదు, పక్కనుంచి పోవాలి అని ఇంట్లో పిల్లలందరికీ నడక రాగానే తెలిసిపోయేది.

బిడ్డ బొంతకు ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. నడుమ, సరిగ్గా బిడ్డ పడుకునే చోట, ఇంటి పెద్దామె కట్టి కట్టి అరగదీసిన చీర ముక్క పడాలి. "అరిగిన బట్టే మెత్తన. మెత్తనిదే బిడ్డ కింద ఉండాల" అనేది. కానీ ఆ చీర ముత్తైదువది కావాలని ఊరి పట్టు. పెద్దమ్మకు పెళ్లయిన కొత్తలోనే పెదనాయన పోయాడు. అందుకని ఊరందరి బిడ్డలకూ బొంతలు కుట్టిన మనిషి తన చీర పీలిక ఒక్కదాంట్లోనూ పెట్టలేదు. నా కూతురు పుట్టినప్పుడు నడుమకు మా అత్త చీరే తీసుకుంది. పెద్దమ్మ చీరలు చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డలయ్యేవి.

ఈసారి నా కూతురు నీళ్లాడే వేళకు గొడవ అక్కడే వచ్చింది. వియ్యపురాలు గోరంట్ల నుంచి తన పాత ఆకుపచ్చ చీర పట్టుకుని కంబదూరుకే వచ్చింది. నా కూతురు దాన్ని ముట్టుకోకుండానే, "నడుమ మా అవ్వ చీర పెట్టాల," అంది.

"తెలిసే అంటాండావామ్మా? మొగుడు పోయినామె చీర మీద పసిబిడ్డను పండబెడతారా యాడన్నా?" అంది వియ్యపురాలు.

పెద్దమ్మ అక్కడే ఉంది. చేతిలో గులకరాయి.

"అయితే బొంతే వద్దు. గోనెపట్ట మీద పండబెడతా," అంది నా కూతురు.

పెద్దమ్మ గొంతు లేచింది. "నోరు మూసుకోమ్మే! నా చీర కోసం నీ కాపురంలో నిప్పు పెట్టుకుంటావా? ఆమె అన్నదాంట్లో తప్పేముండాది?" అని ఆకుపచ్చ చీర అందుకుంది. వియ్యపురాలు కాఫీ తాగకుండానే బస్సెక్కింది.

ఆ తర్వాత గోరంట్ల నుంచి ఫోను వస్తే ఎత్తడానికి వెనకాడేదాన్ని. నా కూతురు పట్టు విడవలేదు, వియ్యపురాలు మెట్టు దిగలేదు. కాన్పు దగ్గర పడుతోంది. నేను కంబదూరు వెళ్లేసరికి చుట్టూరా కుట్టడం అయిపోయింది, అంచులు కూడా మూసేసింది పెద్దమ్మ. నడుమ జానెడు చోటు మాత్రం బోసిగా ఉంది. ఆకుపచ్చ చీర మడత కూడా విప్పలేదు.

"కత్తెర పెట్టు పెద్దమ్మా," అన్నాను.

"చేయి పోవడంలే."

అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్లలో ఆమె చీర కావాలని నోరు తెరిచి అడిగిన మొదటి మనిషి నా కూతురు. పెద్దమ్మ ఆ పిల్లను కసిరిందే గానీ, ఆశ పడింది. మాటకూ మాటకూ మధ్య ఆయాసపడుతోంది. ఆస్పత్రికి పోదాం రమ్మన్నాను. "నడుమ కానీ, వస్తా," అంది. నాతో అన్న చివరి మాట అదే.

నీళ్లు పోసేటప్పుడు ఆడవాళ్లు కొప్పులోంచి సూది తీసి నా చేతిలో పెట్టారు. మూడోనాడు ఆమె చీరలు మూట కట్టి ఎవరికో ఇచ్చేయబోతుంటే ఒకటి లాక్కున్నాను. కాఫీపొడి రంగుది, సన్నటి తెల్లగీతలది, ఊరంతా ఆమె ఒంటి మీద చూసిన చీర. "పోయినామె బట్టలమ్మా అవి!" అని ఒక ముసలామె అరిచింది. తెలుసు. ఉతికి, ఎండేసి, కత్తిరించి, ఆ సూదితోనే కుట్టాను. నా కుట్లు మేకలు తొక్కిన సాళ్లలా వచ్చాయి.

ఆడబిడ్డ పుట్టింది. ఊయలలో వేసే రోజు పొద్దున కూడా ఒక మూల ఊడితే మళ్లీ కుట్టాను. గోరంట్ల వాళ్లంతా వచ్చారు. వియ్యపురాలు బొంత చేతిలోకి తీసుకుంది. వేలు సూటిగా ఆ వంకర కుట్ల మీదికి పోయింది.

"ఈ ముక్క ఎవురిది?"

నేను నోరు తెరిచేలోపే నా కూతురు, "అవ్వది," అంది.

వియ్యపురాలు బొంతను తిరగేసింది. వెనక అంతా గంజి వదలని కొత్త కోరాబట్ట. అరచేత్తో రుద్ది చూసింది. మళ్లీ ఇటు తిప్పి, కాఫీపొడి రంగు ముక్క మీద చేయి పెట్టి, దాన్నీ రుద్ది చూసింది.

"ఇదే మెత్తగుండాది," అని, ఎవరి మొహమూ చూడకుండా బొంత ఊయలలో పరిచి, బిడ్డను సరిగ్గా నడుమ పడుకోబెట్టింది.

నేను ఆత్రంగా ఊయల మీదికి వంగబోయాను. "అమ్మా, సూది!" అని నా కూతురు భుజం పట్టి ఆపింది. పొద్దున దారం తెంచి కొప్పులో గుచ్చుకున్న సంగతే మరిచిపోయాను. పక్కకు జరిగి, పక్కనుంచి వంగి చూశాను.